నాయన సంతకం

డిజోన్, ఫ్రాన్స్
అక్టోబరు 3, 2024

అవ్వా,
నందిత నీ కాళ్లకి దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేయకుండా ఈ కాగితాలేమిటా అని చూస్తున్నావా? ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి, "ఏందీ? గట్టిగా చెప్పు!" అని అరుస్తావు. వీధంతా వింటుంది. తిన్నె మీద కూర్చున్న నాయన కూడా వింటాడు. మన ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదవడం మాత్రం నీకొక్కదానికే వచ్చు. అమ్మ చనిపోయిన ఏడాది, నేను స్కూలుకి పోనని మొండికేసినప్పుడు, బియ్యప్పిండిలో నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించావు. అది ఇన్నాళ్లకి పనికొచ్చింది. మనం రాసుకునేది ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

అవ్వా, నేను ఫ్రెంచి పౌరురాలినైపోయాను. పోయిన నెల మన పాస్‌పోర్టు అప్పగించాను. కౌంటర్లో ఆమె దాని మూల కత్తిరించి, రద్దు ముద్ర కొట్టి, మళ్లీ నా చేతికే ఇచ్చింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక దిండు కింద పెట్టుకున్నాను. సంతోషంగా ఉందా అని ఇక్కడి స్నేహితులు అడుగుతున్నారు. ఉందనే చెబుతున్నాను, నిజమో కాదో నాకే తెలియడం లేదు.

ఎందుకు చేశానో నీకు తెలుసు. నా బరువులో నాకన్నా బాగా కుస్తీ పట్టే అమ్మాయి అక్కడ ఒకతె ఉంది. నాలుగేళ్లు క్యాంపులో ఆమెకి జోడీగా ఉండి, ఆమెని తయారుచేసి పంపించడమే నా పనైంది. దేశానికి ఒక్కరే వెళ్లాలి. అది ఆమె తప్పు కాదు, నా తప్పూ కాదు. చదువుకని ఇక్కడికి వచ్చాను, ఇక్కడి క్లబ్బులో ఆడాను, ఆరేళ్లు గడిచాయి. ఇప్పుడు వీళ్లు రమ్మంటున్నారు.

నాయనకి చెప్పినప్పుడు ఆయన ఒక్క మాటే అన్నాడు. "మా నాయన ఫ్రెంచి కాగితాన్ని కాలితో తన్ని ఈ దేశంలో నిలబడినాడు. నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకున్నావు. నీ పేరు ముందర నా ఇనీషియల్ తీసేయ్." ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. దేశం మారిన మనిషి కొత్త జట్టులో ఆడాలంటే, పాత ఊరి కుస్తీ సంఘం తమకి అభ్యంతరం లేదని సంతకం పెట్టివ్వాలి. మార్చి 15 లోపల ఆ కాగితం ఇక్కడ ఉంటే ఏప్రిల్లో యూరప్ పోటీలకి వెళతాను. లేకపోతే రెండేళ్లు ఎవరి తరఫునా బరిలోకి దిగకూడదు. నాకు ఇరవై ఎనిమిది నిండాయి. రెండేళ్ల తర్వాత ఈ మోకాళ్లు నన్ను దిగనివ్వవు.

ఆ సంఘం కార్యదర్శి ఎవరో నీకు చెప్పనక్కర్లేదు. ఫారం ఈ కవర్లోనే ఉంది. ఆయన చేత సంతకం పెట్టించే మనిషి భూమ్మీద నువ్వొక్కతివే.

నీ నందూ

*

కురుచికుప్పం, పుదుచ్చేరి
అక్టోబరు 26

చిరంజీవి నందితకి అవ్వ పంకజవల్లి దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. నీ మోకాళ్ల సంగతి నాకు చెబుతున్నావా? ఎనభై ఏళ్ల దాని దగ్గరా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి ఏడుపొచ్చింది, తక్కిన రెండుసార్లు ఏమీ అర్థం కాలేదు. మనిషి దేశం ఎట్లా మారతాడే? చీర మార్చినట్టా?

నా కళ్లతో చూసిన దేశం మారడం ఒకటే. నగరిలో పుట్టి పెరిగి, అరవై రెండో సంవత్సరం ఆని నెలలో పెళ్లయి ఈ ఇంటికి వచ్చాను. అప్పటికి మీ తాత కాగితాల మీద ఇంకా ఫ్రెంచివాడే. రెండు నెలలకి, ఆవణి నెల పుట్టేసరికి ఊరందరూ ఇండియావాళ్లు అయిపోయారని చాటింపేశారు. ఎవరూ గడప దాటలేదు, పొయ్యి మీద అన్నం కూడా దించలేదు, దేశం మారిపోయింది. కాదు, మేం ఫ్రెంచివాళ్లుగానే ఉంటాం అనేవాళ్లు ఆరు నెలల్లోపల వెళ్లి సంతకం పెట్టాలన్నారు. మీ పెదతాత సుందరమూర్తి పెట్టాడు, ఓడెక్కాడు, మళ్లీ ఈ ఇంటికి ఆయన ఫోటో మాత్రమే వచ్చింది. మీ తాత పెట్టలేదు. ఆ కథ మీ నాయన నీకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

నీ ఫారం మీ నాయన చేతికిచ్చాను. చూడనైనా చూడలేదు. మడిచి బీరువా మీదికి విసిరేశాడు. నేనేం చేసేది? చంకనెత్తుకుని చెప్పడానికి చిన్నపిల్లోడా, అరవై ఏళ్ల మనిషి.

ఉత్తరంలో ఏముందని మాత్రం అడిగాడు. "ఏం రాసింది" అని కాదు, "ఏందంట" అని, ఎవరో పక్కింటిదాని సంగతి అడిగినట్టు. "బాగుండాదంట, చలి ఎక్కువంట" అని చదివి వినిపించాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను.

చెవులు ఎట్లా ఉన్నాయి? పోయినసారి ఫోటోలో చూస్తే రెండు చెవులూ కుస్తీలో నలిగి చింతకాయల మాదిరి ఉబ్బి మూసుకుపోయి ఉన్నాయి. నీకోసం దాచిన కమ్మలు ఏ చెవికి పెట్టాలో చెప్పు.

దీపావళికి నువ్వుండవు. అయినా నీ వాటా అదిరసాలు (మా పుట్టింట్లో అరిసెలనేవాళ్లం) చేస్తాను, చేయి ఊరుకోదు.

అవ్వ

*

డిజోన్
నవంబరు 20

అవ్వా,

అదిరసం అని చదవగానే నోరూరింది. కానీ బరువు చూసుకునే రోజులు, ఉడికించిన కోడిమాంసం తప్ప ఏదీ లేదు.

నాయన బీరువా మీదికి విసిరేశాడంటే నమ్మలేకపోతున్నాను. ఆయన కోపం నాకు తెలుసు. అన్నం కంచం విసురుతాడు, చెప్పు విసురుతాడు. సంఘం పేరున్న కాగితాన్ని ఎప్పుడూ విసరలేదు. పాత పోటీల జాబితాలు కూడా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాస్తాడు కదా.

నీకొక విషయం చెప్పాలి, నవ్వకు. ఇక్కడ పౌరసత్వం కాగితాల్లో ఇంటిపేరు అడిగారు. మనకి ఇనీషియలే గాని ఇంటిపేరు రాసే అలవాటు ఎక్కడుంది? ఆర్ అంటే ఏమిటన్నారు. రంగరాజన్ అన్నాను. అదే నా ఇంటిపేరైపోయింది. ఇప్పుడు బోర్డు మీద రంగరాజన్, మైకులో రంగరాజన్. నందిత అని పిలిచేవాళ్లే లేరు. నేను కింద పడితే మా కోచ్, "లే, రంగరాజన్! సోమరిపోతులా పడుకున్నావేం!" అని అరుస్తుంది. ఎవరో నాయన్ని తిడుతున్నట్టుండి నాకు భలే నవ్వొస్తుంది. తర్వాత ఏడుపొస్తుంది.

ఇనీషియల్ తీసేయమన్నాడుగా, ఎట్లా తీసేది? అది తీసేస్తే ఇక్కడ నేనంటూ మిగలను. ఈ మాట ఆయనకి చదివి వినిపించు. కోపం తగ్గితే తగ్గుతుంది, లేకపోతే ఇంకా పెరుగుతుంది. ఏదో ఒకటి తెలుస్తుంది.

సంతకం సంగతి మళ్లీ అడుగు అవ్వా. రోజూ అడుగు. ఉప్పళం స్టేడియంలో ఏడేళ్ల పిల్లని మ్యాట్ మీద నిలబెట్టి, "భయపడితే పట్టు జారతాది" అని చెప్పింది ఆయనే. నేను భయపడే ఉన్నాను ఇప్పుడు.

నందూ

*

కురుచికుప్పం
డిసెంబరు 14

చిరంజీవి నందితకి,

తుపాను సంగతి టీవీలో చూసే ఉంటావు. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. నన్ను మంచం మీద మంచం వేసి కూర్చోబెట్టారు, అమ్మవారిని ఊరేగించినట్టు. పడవలు వీధిలోకి వచ్చాయి. రెండు రోజులు కరెంటు లేదు. మూడోరోజు ఎండ కాస్తే ఇల్లంతా బట్టలూ కాగితాలూ ఆరేశాం.

నీ ఫారం కూడా తడిసింది. తీగ మీద ఆరేశాను. సిరా కొంచెం కారింది. మీ నాయన దాన్ని చూసి, "తడిసిన కాగితంలో ఎట్లా సంతకం పెట్టేది, పోనీలే" అన్నాడు. కాబట్టి నువ్వు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంటిపేరు సంగతి చదివి వినిపించలేదు. వినిపించాలనే నోరు తెరిచాను. తీరా ఆయన ముఖం చూస్తే ఏం చదవాలో తోచలేదు. "రసం పెట్టడం నేర్చుకుందంట, మిరియాలు దొరుకుతాయంట" అని చదివాను. "కుస్తీ గురించి రాయలేదా?" అన్నాడు. "లేదు" అన్నాను. లేచి చెప్పులేసుకుంటూ, "వేడినీళ్లు తాగమని రాయి" అన్నాడు. రాశాను. తాగు.

నందూ, ఒకటి అడుగుతాను. రెండేళ్లు ఆడకపోతే ఏమవుతుంది? ఆడినంతకాలం ఆడావు. ఇంటికి రావచ్చు కదా. ఇక్కడ ఆడపిల్లలకి నేర్పేవాళ్లు లేరని అందరూ అంటున్నారు. నీ కాలు నొక్కేదానికి నేనున్నాను.

అవ్వ

*

డిజోన్
జనవరి 6, 2025

అవ్వా,

నాకు తల తిరుగుతోంది. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

అక్టోబరులో బీరువా మీదుందన్న కాగితం, మోకాలి లోతు నీళ్లకి ఎట్లా తడిసింది? ఆ బీరువా నాకన్నా ఎత్తు.

అదొకటి. రెండోది, నిన్న అణ్ణామలై మామకి ఫోన్ చేశాను. సంఘంలో నాయన తర్వాత ఆయనే కదా. ఇంకో ఫారం పంపిస్తాను, మీరైనా నాయనకి నచ్చజెప్పండి అన్నాను. ఆయన, "ఏందమ్మా, అది అక్టోబరులోనే ముగిసిపోయిందే! సీలు నేనే తీసిచ్చినా" అన్నాడు. "ఎక్కడుంది మామా?" అంటే, "మీ నాయనకే తెలియాల" అన్నాడు.

ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి? సంతకం పెట్టి నాకు పంపకుండా ఏడిపిస్తున్నాడా? పెట్టలేదని నీకు అబద్ధం చెబుతున్నాడా? ఒకవైపు తన పేరు తీసేయమంటాడు, ఇంకోవైపు వేడినీళ్లు తాగమంటాడు. ఆ మనిషి నాకు అర్థం కావడం లేదు. బరిలో ఎదుటి మనిషి భుజం చూస్తే ఎటు కదులుతుందో చెప్పగలను, కన్నతండ్రి ఎటు కదులుతున్నాడో చెప్పలేకపోతున్నాను.

ఇంటికి రమ్మన్నావు. అవ్వా, ఇప్పుడు నా ఇంటికి నేను రావాలన్నా వీసా కావాలి. నిన్న ఆ ఫారం తీశాను, "భారతదేశానికి వచ్చే కారణం" అని ఒక గడి ఉంది. ఏం రాయాలో తెలియక మూసేశాను.

రెండేళ్లు ఆడకపోతే ఏమవుతుందని అడిగావు. ఏమీ కాదు. రెండు దేశాలు ఉండి ఏ దేశానికీ ఆడని మనిషినవుతాను. ఇంకా అరవై ఎనిమిది రోజులున్నాయి. నిజం చెప్పు, కాగితం ఎక్కడుంది?

నందూ

*

కురుచికుప్పం
జనవరి 30

చిరంజీవి నందితకి,

అవ్వనే నిలదీసేంతదానివయ్యావు. సరి. బాగుంది.

అణ్ణామలైకి మతిమరుపు. పోయిన నెల మన ఇంటికి వచ్చి తన చెప్పులు వదిలేసి మీ నాయన చెప్పులేసుకుని పోయాడు. వాడి మాట పట్టుకుని నన్ను అడుగుతావా? కాగితం ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. మీ నాయన సంతకం పెట్టలేదని చెప్పాను కదా. ఇంక నన్ను దాని గురించి అడగవద్దు.

నాకు వేరే దిగులు పట్టుకుంది. నువ్వు గెలిస్తే అక్కడ ఏ పాట వేస్తారు? టీవీలో చూస్తే గెలిచినవాళ్లు రొమ్ము మీద చేయి పెట్టుకుని నిలబడతారు కదా. వాళ్ల పాట వేస్తే నేను లేచి నిలబడాలా, కూర్చునే ఉండాలా? మన పిల్లకి ఎదురు మన దేశం పిల్ల వస్తే ఎవరు గెలవాలని మొక్కుకోవాలి? ఇద్దరూ గెలవాలని మొక్కితే దేవుడు నన్ను పిచ్చిదనుకుంటాడు. ఇవన్నీ ఆలోచిస్తుంటే రాత్రి అన్నం సయించలేదు.

ఇంట్లో ఏం విశేషాలు లేవు. మీ నాయన కొత్త చింతపండు తెస్తాను, జాడీ ఖాళీ చేయమన్నాడు. పాతది ఇంకా ఉంది, ఇప్పుడేం తొందర అన్నాను. నీ ఉత్తరం చదవమన్నాడు. "అక్కడ మంచు పడతాండాదంట" అన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండు పక్కలా నిండుగా మంచేనా?" అన్నాడు. ఈ మధ్య ఆయన వాలకం నాకు బోధపడడం లేదు.

నా మీద కోపం పెట్టుకోకు.

అవ్వ

*

పుదుచ్చేరి
ఫిబ్రవరి 21

నందితా,

నేను మీ నాయన. ఎగిరి పడొద్దు. మాట తెలుగు, అక్షరాలు తమిళం. నాకు వచ్చింది ఇంతే. తప్పులుంటే సర్దుకో.

దీంతోపాటు వచ్చిన పెద్ద కవర్లో నీ కాగితం ఉండాది. నా సంతకం, సంఘం సీలు, అన్నీ ఉండాయి. తేదీ చూడు, అక్టోబరు 24. నీ ఫారం అందిన వారంలోనే పెట్టేసినా. పెట్టి, అవ్వ చేతికిచ్చి, "నీ ఉత్తరంలో పెట్టి పంపు, దానికీ నాకూ మాటల్లేవు" అన్నా. అది నీకు చేరిందనే అనుకుంటా ఉండా. చేరినాక నువ్వు ఒక్క మాట కూడా రాయలేదే, సరే, అంత గర్వమా అని నేనూ గమ్మున ఉండిపోయినా.

మరి ఎట్లా తెలిసిందంటే, నీ ఉత్తరం రెండు పేజీలుంటే అవ్వ మూడు మాటల్లో చదివేస్తాది. ఒకసారి చలి, ఒకసారి రసం, ఒకసారి మంచు. పోయిన వారం ఆమె గుడికి పోయినప్పుడు నీ ఉత్తరాలు తీసి ఫోన్ కెమెరా కింద పెట్టినా. రాసింది చదివి వినిపించేది ఒకటుండాది ఇప్పుడు. నీ చేతిరాతకి సగం తప్పుగానే చదివింది. మిగతా సగం చాలు నాకు. నా పేరుతో నిన్ను తిడతారని రాసినావే, దాన్ని మూడుసార్లు చదివించుకున్నా.

కాగితం యాడుంటాదో నాకు వెతికే పనిలేదు. నేరుగా పోయి చింతపండు జాడీలో చెయ్యి పెట్టినా. అట్టడుగున, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉండాది.

ఎట్లా తెలుసంటావా? మా నాయన పోయే ముందు నాకొకటి చెప్పినాడు. అరవై మూడులో సంతకానికి పోవాలంటే పుట్టిన సర్టిఫికెట్ కావాల. అది ఇంట్లో కనబడకుండా పోయింది. మూడో రోజు ఆయన చింతపండు కోసం జాడీ తెరిస్తే లోపల అది. మీ అవ్వకి అప్పుడు పద్దెనిమిదేళ్లు, ఓడ అంటే భయం, పెదనాయన ఓడెక్కి పోయినంక ఇంకా భయం. "తీసుంటే మీ అమ్మ ఏడ్చుండేది. చూడనట్టే మూత పెట్టేసినా. ఊరోళ్లు అడిగితే దేశం కోసం అని చెప్పినా. చెప్పీ చెప్పీ అదే నిజమైపోయింది" అన్నాడు. "నాకు తెలుసని ఆమెకి చెప్పొద్దు" అన్నాడు.

ఇదంతా తెలిసుండీ, కోపంలో ఆ మాటే నీ మీదకి విసిరినా. కాలితో తన్నినాడని. అది తప్పు. ఇప్పుడు చెప్తాండా.

నువ్వు పోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. నీ వీపు మీద వేరే దేశం పేరు చూస్తే ఫోన్ బోర్లా పెట్టేస్తా. అది కోపమా, బాధా అని నన్నడిగితే నాకే తెలియదు. కానీ నిన్ను బరిలో దించింది నేను. దించినోడే కాళ్లు పట్టి లాగితే వాడు గురువు కాదు. అందుకే సంతకం పెట్టినా. ఇష్టం వేరే, సంతకం వేరే.

జాడీలో మళ్లీ ఒక జిరాక్సు పెట్టినా, అదే కవర్లో. అవ్వ కళ్లకి తేడా తెలియదు. కాగితం అందిందని ఆమెకి రాయొద్దు. ఆమెగా బయటికి తీసేదాకా ఇద్దరమూ గమ్మునుందాం. ఇంక మీ ఉత్తరాలు నేను చదవను. దొంగతనం ఒకసారి చాలు.

కుడి మోకాలికి కట్టు కట్టుకుంటాండావా లేదా?

ఎస్. రంగరాజన్

*

కురుచికుప్పం
మార్చి 13

నందూ,

నిన్న మాసి మగం. వైతికుప్పం ఒడ్డుకి పోయాను. ఎక్కడెక్కడి దేవుళ్లనో ఎత్తుకొచ్చి సముద్రంలో స్నానం చేయించారు. ఇసుకలో కూర్చుని చూస్తుంటే ఒక్కటే తోచింది. దేవుళ్లు కూడా ఊరు దాటి వస్తారు, మళ్లీ పల్లకీ ఎక్కి తమ ఇంటికి పోతారు. నేనే బయల్దేరినవాళ్లెవరూ తిరిగి రారనుకుంటూ ఇన్నేళ్లు కూర్చున్నాను.

నీ కాగితం ఇదిగో. మీ నాయన ఎప్పుడో సంతకం పెట్టాడు. బీరువా మీద లేదు, నీళ్లలో తడవలేదు. నా దగ్గరే ఉంది, చింతపండు జాడీలో. మీ నాయన మంచివాడు. అన్ని అబద్ధాలూ నావే. ఆయనకి నీ ఉత్తరాలు ఒక్కటీ సరిగ్గా చదివి వినిపించలేదు. నీ మాటలు ఆయనకి చేరితే కాగితం సంగతి బయటపడుతుందని భయం.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, పోయేలోగా ఎవరికో ఒకరికి చెప్పాలి. ఇది నాకు మొదటిసారి కాదు. అరవై మూడులో మీ తాత పుట్టిన సర్టిఫికెట్ కూడా ఆ జాడీలోనే దాచాను. ఆయన ఇల్లంతా వెతికాడు. గడువు దాటిపోయింది. ఊరికి ఏదో గొప్పగా చెప్పుకున్నాడు పాపం, నిజం చెబితే నామోషీ అని. ఆ మాట ఎవరైనా పొగిడినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని. చివరిదాకా ఆయనకి తెలియదు. యాభై ఏళ్లు ఒక కంచంలో తిన్నాం, చెప్పలేకపోయాను. ఆయన అక్కడికి పోయుంటే ఏమయ్యేవాడో. గొప్పవాడయ్యేవాడేమో. నేను ఆపేశాను.

నిన్నూ ఆపాలనే చూశాను. సంతకం పెట్టిన మనిషి ఇంటికి రాడని నా బుర్రలో ఎప్పుడో పడిపోయింది. పెదతాత ఫోటో వచ్చినరోజు మా అత్త అరిచిన అరుపు నా చెవుల్లోంచి పోలేదు. ఆ కాగితం నీకు చేరకపోతే నువ్వు విసిగిపోయి వచ్చేస్తావనుకున్నాను. తర్వాత నీ ఉత్తరంలో, రెండు దేశాలుండి ఏ దేశానికీ ఆడని మనిషి అని రాశావు. అది చదివాక జాడీ దించి ముందర పెట్టుకునేదాన్ని. అయినా కాగితం తీయలేదు. ఎందుకు తీయలేదో నాకే అర్థం కాలేదు.

పదిహేనో తారీఖు అన్నావు. ఇవాళ పదమూడు. రెండు రోజుల్లో ఏ టపా అక్కడికి చేరదని నాకు తెలుసు. తెలిసే పంపుతున్నాను. నీ రెండేళ్లు నేను తినేశాను. నన్ను తిట్టు. గట్టిగా తిట్టి రాయి. మీ నాయనకి మాత్రం చెప్పవద్దు, ఆయన ముందు తలెత్తుకోలేను.

అవ్వ

*

డిజోన్
ఏప్రిల్ 22

అవ్వకి, నాయనకి,
నందిత నమస్కరించి రాస్తున్నది.

మీరు పంపిన కాగితం అందింది. మా వాళ్లు గడువు కొంచెం పొడిగించారు, అందుకని సమయానికే అందింది. జట్టులో నా పేరు చేర్చారు. అవ్వా, నువ్వు పోస్టులో వేసిన కవరు తెరవగానే గదంతా చింతపండు వాసన. వంటింట్లో కూర్చుని రాశావు కదూ. ఆ కాగితాన్ని మంచం పక్కన గోడకి అతికించుకున్నాను.

యూరప్ పోటీల్లో నాలుగు కుస్తీలు పట్టాను. మొదటిది తేలిగ్గా గెలిచాను. రెండోది ఓడాను, నా తప్పే, తొందరపడి కాళ్ల మీదికి దూకాను. నాయన చూసుంటే చెప్పు విసిరేవాడు. ఓడినవాళ్లకిచ్చే రెండో అవకాశంలో తర్వాత రెండూ గెలిచి కంచు పతకం తెచ్చుకున్నాను. ఆఖరిదాంట్లో ఇరవై సెకన్లు ఉందనగా నేను ఒక పాయింటు వెనక ఉన్నాను. ఉప్పళంలో నేర్పిన పట్టే పట్టాను, ఎడమ చేయి లోపలి నుంచి. భయపడ్డాను, అయినా పట్టు జారలేదు. మైకులో "రంగరాజన్! రంగరాజన్!" అని మూడుసార్లు అరిచారు, జనమూ అందుకున్నారు. నాయన పేరు అంతమంది అరవడం ఆయన వినుంటే బాగుండేది. కుడి మోకాలికి కట్టు కట్టుకునే ఆడాను.

అవ్వా, నీ దిగులు ఒకటి తీరింది. పాట బంగారు పతకం వచ్చినవాళ్లకే వేస్తారు. నాకు మూడు రంగుల జెండా ఒకటి పైకి లేచింది, పాట మాత్రం ఇంకెవరిదో. అది ఏ దేశం పాటో కూడా నాకు తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక పతకం పట్టుకుని నిలబడ్డాను. నా పక్కనున్న అమ్మాయి కూడా వేరే దేశం నుంచి వచ్చి చేరినదే, తనకీ తోచలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. కాబట్టి నువ్వు ఈసారికి కూర్చునే ఉండొచ్చు.

వీసా ఫారంలో "వచ్చే కారణం" అన్న గడి మొన్న నింపాను. ఆగస్టులో పదిహేను రోజులు వస్తున్నాను. నాయన కొత్త చింతపండు తెస్తే పాతది మొత్తం పారేయకుండా నాకోసం కొంచెం ఉంచు, దాంతోనే రసం కావాలి. జాడీ నేనే కడిగి పెడతాను. కమ్మలు కూడా తీసి ఉంచు, ఎడమ చెవి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు.

తాత ఫోటోకి ఈ పతకం చూపించాలి. ఏ దేశం తరఫున అని ఆయన అడగడని నా నమ్మకం.

అవ్వా, ఈ ఉత్తరం నాయన పక్కన కూర్చుని చదువు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు. ఒక్క మాట కూడా మార్చక్కర్లేకుండా రాశాను.

ఆర్. నందిత